లేచినవాళ్ళు ఓడినట్టు

సోఫా ఒక్కటే. పరుగెత్తుకొచ్చినవాళ్ళు ఇద్దరు.

కెల్పీ వీధి ఈ కొస నుంచి డారిల్ వచ్చాడు, సైకిలు తొక్కుతూ, పసిపిల్లల బండి చక్రాలు తగిలించి తనే చేసుకున్న బల్లబండిని వెనక ఈడ్చుకుంటూ. ఆ కొస నుంచి ఒక అమ్మాయి వచ్చింది, సూపర్‌మార్కెట్ ట్రాలీని గడగడలాడించుకుంటూ. ముప్పై ఏడో నంబరు ఇంటి ముందు గడ్డి మీద నారింజరంగు ముఖమల్ సోఫా ఉంది. ముగ్గురు పట్టేది. ఇద్దరూ ఒక్కసారే చేరారు, ఒక్కసారే కూలబడ్డారు. అతను ఎడమ చివర, ఆమె కుడి చివర.

గీలాంగ్‌లో ఏడాదికోసారి పాతసామాను వారం వస్తుంది. ఇంట్లో అక్కర్లేనివి ఇంటి ముందు గడ్డి మీద పెడితే సోమవారం కౌన్సిల్ లారీ ఎత్తుకుపోతుంది. లారీ వచ్చేలోగా ఎవరికి నచ్చింది వాళ్ళు పట్టుకుపోవచ్చు. కూర్చునే వస్తువైతే మటుకు ఒక కట్టుబాటుంది. ఎవరు కూర్చుంటే వాళ్ళది. లేస్తే పోయింది. కెల్పీ వీధిలో పాలపళ్ళు ఊడని పిల్లలకు కూడా ఇది తెలుసు.

అది తొంభై ఒకటో సంవత్సరం. ఊళ్ళో ఫ్యాక్టరీలు ఒకదాని వెనక ఒకటి తలుపులు మూస్తున్నాయి. ఆ ఏడు గడ్డి మీద పెట్టినవాళ్ళు తక్కువ, ఏరుకునేవాళ్ళు ఎక్కువ.

"లేవండి. ముందు కూర్చుంది నేను," అన్నాడు డారిల్.

"ముందు తగిలింది మీ మోచెయ్యి. కూర్చుంది నేను."

"దీన్ని ఆ ట్రాలీలో పట్టుకెళ్తారా?"

"కాళ్ళు విప్పేస్తే పడుతుంది."

"సోఫా కాళ్ళా?"

"మీరు లేవకపోతే మీవి కూడా."

డారిల్ గొంతు సవరించుకున్నాడు. "నా స్నేహితుడికి ట్రక్కుంది. ఒక్క ఫోన్ కొడితే చాలు."

"కొట్టండి మరి. ఫోన్ బూత్ ఆ మూలే ఉంది," అంది ఆమె ఎంతో దయగా.

డారిల్ సగం లేవబోయి, ఆమె పెదవి కొసన నవ్వు చూసి, మళ్ళీ కూలబడ్డాడు. "భలేవారే!"

"అయ్యో, ఇంకొక్క అంగుళం లేచుంటే అయిపోయేది."

డారిల్‌కు ఇరవై ఎనిమిదేళ్ళు. కార్ల ఫ్యాక్టరీలో తొమ్మిదేళ్ళు సీట్లు కుట్టాడు. పంపించేసిన రోజున చేతికి గడియారం పెట్టారు. పని లేనివాడికి గడియారం దేనికో వాళ్ళకే తెలియాలి. అప్పటినుంచి ఒక ముసలమ్మ ఇంటి వెనక గదిలో ఉంటున్నాడు. ఎనిమిది నెలలుగా పాలసీసాల ప్లాస్టిక్ క్రేటు మీద కూర్చుని కూర్చుని వెనక గళ్ళు పడ్డాయి. పిసినారి అని ముందే పేరుంది, ఇప్పుడు దానికి కారణం కూడా దొరికింది. అతను చిప్స్ తింటుంటే సముద్రపు కాకులు కూడా పక్కవాడి దగ్గరికి పోతాయి.

కూర్చున్నవాడు ఊరికే ఉండలేక జానతో సోఫా కొలిచాడు. "ఈ సోఫాకు చేతులు మరీ వెడల్పు. ఒంటి తలుపుల ఇంట్లో దూరదు. మీ ఇంట్లో అసలు పట్టదు, నా మాట వినండి."

"మా ఇంటికి జంట తలుపులు. ఒకప్పుడు టోపీల కొట్టు. ఈ వీధి చివరే."

డారిల్‌కు ఆ ఎత్తు కూడా పారలేదు.

అలా రెండు గంటలు గడిచాక వాన మొదలైంది. సముద్రం మీంచి అడ్డంగా కొట్టే వాన. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరూ లేవలేదు.

పక్కనున్న సామాను కుప్పలో చేపబొమ్మల బాత్‌రూమ్ తెర ఒకటి కనిపించింది. డారిల్ కూర్చున్నచోటి నుంచే కాలు చాపి, బొటనవేలితో దాన్ని లాగాడు. సోఫా మొత్తం కప్పారు. నడుమ నీళ్ళు నిలిచి తెర కిందికి జారసాగింది. తలలతో ఎత్తిపట్టాలంటే ఇద్దరూ నడిమికి రావాలి.

"జరగడం, లేవడం ఒకటేనా?" అని అడిగింది ఆమె.

"కాదు. జరగడం జరగడమే."

జరిగారు. తెర కింద నీలిరంగు వెలుతురు. ఆమె ముక్కు కొసన ఒక వానచుక్క వేలాడుతోంది. అది ఎప్పుడు పడుతుందా అని డారిల్ చూస్తూ ఉండిపోయాడు.

ముప్పై ఏడో నంబరు కిటికీలోంచి ఒక ముసలావిడ తల బయటపెట్టింది. "ఆ చివర కూడా కప్పండి నాన్నా! బాగా లాగు తల్లీ!"

"ఎంత మంచావిడో," అంది ఆమె తెర లాగుతూ.

పేర్లు చెప్పుకున్నారు. ఆమె పేరు నెవెన్కా. ఉన్నిమిల్లులో పని. వారానికి అయిదు రోజుల పని కాస్తా మూడు రోజులైంది. సంచిలోంచి ఫ్లాస్కు తీసింది. చిన్న రేకుడబ్బా తీసింది. డబ్బాలోంచి ఎండిపోయిన టీ సంచిని దారం పట్టుకుని సుతారంగా పైకెత్తింది.

డారిల్ ఊపిరి బిగపట్టాడు. "అది ఎన్నోసారి?"

"మూడోసారి."

"నేనూ అంతే! మూడుసార్లు వాడి పారేస్తాను."

"పారేస్తావా?" అందామె. ఆ గొంతులో ఏకవచనం వచ్చేసింది. హత్య చేశానన్నవాణ్ణి చూసినట్టు చూసింది. "నాలుగోసారి మరిగించాలి. తరవాత గులాబీ మొదట్లో వెయ్యాలి. డబ్బు చేదయిందా నీకు?"

డారిల్ లోపల ఎక్కడో ఒక కుట్టు ఊడింది.

"అరిగిన సబ్బుముక్కలు?" అని అడిగాడు.

"పాత మేజోడులో మూటకట్టి రుద్దుకుంటాను."

"మేజోడు చిరిగితే?"

"కిటికీలు తుడుస్తాను."

"రాత్రి వేడినీళ్ళ సంచిలో పోసుకున్న నీళ్ళు?"

"పొద్దున మొహం కడుక్కోడానికి."

"నీకు పెళ్ళయిందా?"

"ఇదేం పొదుపు ప్రశ్న?"

"ఊరికే. అడగడానికి ఖర్చేం లేదుగా."

ఆమె నవ్వింది. తెర కదిలి చల్లటి నీళ్ళు డారిల్ మెడలోకి జారాయి. అతనికి తెలియనే లేదు.

వెజిమైట్ అనే ఉప్పటి నల్లముద్ద రాసిన బ్రెడ్డుముక్క జేబులోంచి తీసి, రెండు చేసి, కాస్త పెద్దది తన దగ్గర పెట్టుకున్నాడు. ఒక్క క్షణం ఆగి దాన్ని ఆమెకిచ్చి, చిన్నది తీసుకున్నాడు. తనెందుకలా చేశాడో తనకే అర్థం కాలేదు.

"ఇంతకీ ఈ సోఫా నీకెందుకంత అవసరం?" అన్నాడు.

నెవెన్కా నవ్వు ఆగిపోయింది. "రేపు మధ్యాహ్నం మా నాన్న వస్తారు. చేపల కొట్టు ఆయనది. నేను వేరే ఉండటం ఆయనకు ఇష్టం లేదు. 'వచ్చిన మనిషికి కూర్చోడానికి చోటు లేకపోతే అది ఇల్లు కాదు, పెట్టె సర్దుకో' అని ముందే చెప్పారు. వెళ్ళానంటే ఇక ఎప్పటికీ చేపలు తోముతూ, మా నాన్న చూపించినవాణ్ణి చేసుకోవడమే. మా ఇంట్లో ఒక్క కుర్చీ లేదు డారిల్."

డారిల్‌కు లేవాలనిపించింది. ఎనిమిది నెలల క్రేటు గుర్తొచ్చింది. లేవలేదు. మనిషిలో మంచితనం మేలుకోవడానికి కొంత వ్యవధి పడుతుంది. కొందరిలో అసలు మేలుకోదు.

అతను ఒక నిర్ణయానికి వచ్చేలోపు ట్రక్కొకటి వచ్చి ఆగింది. లావుపాటి మనిషి దిగాడు. "అమ్మా! సోఫా ఉందా, ఎవరైనా లేపేశారా?"

ముసలావిడ గుమ్మంలోకి వచ్చింది. "ఉండకేంరా వార్విక్! ఇద్దరు కాపలా ఉన్నారుగా."

నెవెన్కా తెర పక్కకు తీసింది. "ఇది పాతసామాను కాదా అండీ?"

"పాతసామానా! మా ఆయన నలభై ఏళ్ళు కూర్చున్న సోఫా తల్లీ. కొత్త ఫ్లాటుకు పట్టుకుపోతున్నాను. పొద్దున వీడు, పక్కింటతను బయటపెట్టి ట్రక్కు కోసం వెళ్ళారు."

"ఆ మాట మూడు గంటల క్రితం చెప్పొచ్చుగా!" అన్నాడు డారిల్.

"చెబితే మీరు లేచిపోరూ? ఇంకెవడో వచ్చి ఎత్తుకుపోడూ? వానకు కప్పేదెవరు? కాపలా మనిషిని పెట్టుకోవాలంటే ఎంతవుతుందో తెలుసా నాన్నా?"

ఇద్దరూ ఆవిడ వైపు భక్తిగా చూశారు. తామింకా నేర్చుకోవలసింది చాలా ఉందని తెలిసింది.

"ఆ ఫ్లాటుకు ఒంటి తలుపా? అయితే దూరదు," అన్నాడు డారిల్.

"నీ పని నువ్వు చూసుకో," అన్నాడు వార్విక్.

"చూసుకోడానికి పనుంటేగా."

ఇద్దరూ ఒక్కసారే లేచారు. "ఎవరు ఓడినట్టు?" అన్నాడు డారిల్ నవ్వించాలని. నెవెన్కా నవ్వలేదు. ఖాళీ ట్రాలీ తోసుకుంటూ వెళ్ళిపోయింది. వీధి చివరిదాకా దాని చక్రం కీచుమంటూనే ఉంది.

డారిల్ గదికి వచ్చి క్రేటు మీద కూర్చున్నాడు. ఎదురుగా పెరట్లో టార్పాలిన్ కప్పిన కారు. ఇంజను చచ్చి ఏడాదైంది. కానీ లోపల సీటు మటుకు పెళ్ళికూతురిలా ఉంది. తన చేత్తో కుట్టిన సీటు. మరి దాని మీదే కూర్చోవచ్చుగా అంటే, కూర్చుంటే అరిగిపోతుందని భయం. మంచి సీటున్న కారుకు ఎప్పటికైనా మంచి ధర వస్తుందని ఎదురుచూపు. ముగ్గురు బేరానికొస్తే ముగ్గుర్నీ తిప్పి పంపాడు.

పొద్దుగూకేదాకా కారును చూశాడు. మర్నాడు పొద్దున స్పానరు పట్టుకున్నాడు.

మధ్యాహ్నం అతను టోపీల కొట్టు చేరేసరికి నెవెన్కా నాన్న స్టిపాన్ వచ్చేసి ఉన్నాడు. మనిషి తలుపంత ఉన్నాడు. గది మధ్యలో టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"నిలబడే మాట్లాడుకోవాలంటే బస్టాపు చాలదటే? దానికి అద్దె కూడా ఉండదు. పద, పెట్టె సర్దు."

"నాన్నా, ఒక్క వారం..."

"కుర్చీ లేని ఇంట్లో వారమేంటి, గంట కూడా వద్దు."

"కొంచెం తప్పుకుంటారా అండీ," అన్నాడు డారిల్ గుమ్మంలోంచి. సగం వీపు మీద, సగం బల్లబండి మీద కారు వెనక సీటుంది. బెల్టులు నేల మీద ఈడుస్తున్నాయి.

నెవెన్కా నోరు తెరిచింది. "ఇదేంటి?"

"సీటు."

"ఎంతకు?"

"ఊరికే."

ఆ మాట తన నోట వినడం డారిల్‌కే కొత్త. చెవులు ఎర్రబడ్డాయి. బండి మీద తెచ్చిన నాలుగు పాలక్రేట్లు వరసగా పేర్చి సీటు వాటి మీద పెట్టాడు. స్టిపాన్ కూర్చున్నాడు. రెండుసార్లు ఎగిరి చూశాడు. బొటనవేలితో కుట్టు పొడుగునా తడిమాడు.

"ఎవడు కుట్టాడు?"

"నేనేనండీ."

"ఏ కారుది?"

"నాదే."

"మరి కారు?"

"నడవదు. ఇక ఎవరూ కొనరు కూడా. సీటు లేదుగా."

స్టిపాన్ కుట్టు మీంచి వేలు తీశాడు. "అంటే సీటివ్వలేదు నువ్వు. కారిచ్చేశావు."

డారిల్ తన బూట్లు చూసుకున్నాడు.

నెవెన్కా పొయ్యి దగ్గరికి వెళ్ళింది. రేకుడబ్బా ముట్టుకోలేదు. పై అరలోంచి ఒక పెట్టె తీసి, కాగితం చించి, కొత్త టీ సంచి బయటికి తీసింది. డారిల్ కప్పులో వేసింది.

స్టిపాన్ కనుబొమలు పైకి లేచాయి. "కొత్తదా? కన్నతండ్రినే నేను, నాకెప్పుడూ రెండోసారిదే పోశావు కదే!"

ఆమె బుగ్గలు సోఫారంగుకు తిరిగాయి. డారిల్ ఆ కప్పు రెండు చేతులా పట్టుకున్నాడు. తాగితే అయిపోతుందని తాగలేదు.

అప్పుడే బయట హారన్ మోగింది. వార్విక్ ట్రక్కు. ముందు సీట్లో ముసలావిడ, వెనక నారింజరంగు సోఫా.

"టోపీల కొట్టన్న మాట నిన్న నా చెవిన పడిందిలే. నాలుగు రకాలుగా తిప్పాం," అంది ఆవిడ కిటికీలోంచి. "నువ్వు చెప్పినట్టే దూరలేదు నాన్నా. మళ్ళీ ఇంటికి మోయాలంటే పెట్రోలు దండగ. మీ ఇద్దరిలో ఎవరికి కావాలో తేల్చుకోండి."

వార్విక్ సోఫాను గడ్డి మీదికి దించాడో లేదో ఇద్దరూ పరుగెత్తారు. అతను ఎడమ చివర, ఆమె కుడి చివర. కూర్చున్నాక చూసుకుంటే మధ్యలో ఎడం లేదు.

"నువ్వు లే. నీకిప్పుడు సీటుందిగా," అన్నాడు డారిల్.

"నువ్వే లే. నీకు క్రేటుందిగా."

"క్రేట్లన్నీ మీ ఇంట్లోనే ఉన్నాయి."

"అయితే లేవవా?"

"లేచినవాళ్ళు ఓడినట్టు. నేను లేవను."

"ఎంతసేపు?"

"నీ దగ్గర ఒక్క టీ సంచి అయిపోయేదాకా."

"అది అంత తొందరగా అవదు."

"తెలిసే అంటున్నాను."

ఆమె తల దించుకుంది. వానచుక్క ఒకటి వచ్చి సరిగ్గా ఆమె ముక్కు కొసన పడింది. ఈసారి డారిల్ చూస్తూ ఊరుకోలేదు. వేలితో తుడిచాడు.

స్టిపాన్ గట్టిగా దగ్గాడు. "ఇదిగో అబ్బాయ్! నీ గదికి అద్దె ఉందా?"

"ఉందండీ."

"దీనికీ ఉంది. ఇద్దరు మనుషులు, రెండు అద్దెలు, రెండు పొయ్యిలు. మతి ఉన్నవాళ్ళు చేసే పనేనా? పెళ్ళి చేసుకుంటే ఒక అద్దె మిగులుతుంది. భోజనాలు మా కొట్టులోనే. ఆ రోజు అమ్ముడుపోని చేపలన్నీ మీవే."

"నాన్నా!" అంది నెవెన్కా.

"పెట్టె సర్దక్కర్లేదులే," అన్నాడాయన అటు తిరిగి టోపీ పెట్టుకుంటూ.

"సరే గాని, లేస్తే లోపల పెడతాం. వాన వస్తోంది," అన్నాడు వార్విక్.

ఇద్దరూ లేవలేదు. చివరికి వార్విక్ ఒక పక్క, స్టిపాన్ ఒక పక్క, తిట్టుకుంటూ మూలుగుతూ మనుషులతో సహా సోఫాను ఎత్తారు. ముసలావిడ ట్రక్కులోంచి "కుడికి, ఇంకొంచెం కుడికి" అంటూ ఖర్చులేని సాయం చేసింది. టోపీల కొట్టు తలుపులు రెండూ బార్లా తెరిచారు. సోఫా ఎక్కడా తగలకుండా లోపలికి వెళ్ళింది.

ఆ సాయంత్రం కిటికీలో కట్టిన తీగ మీద కొత్త టీ సంచి ఒకటి ఆరుతోంది.

అది ఇంకా మూడుసార్లు వస్తుంది.