మూడో జడ్జి సంతకం

ఉదయం ఎనిమిదిన్నరకే కూతురి గదిలో సొరుగులన్నీ బయటికొచ్చాయి. వంటింట్లో పెద్దావిడ మాత్రం ఏమీ ఎరగనట్టు కాఫీ కలుపుతోంది. ఒకే కప్పులో మూడోసారి పంచదార వేయడం చూస్తే చాలు, దొంగ దొరికిపోయినట్టే.

"అమ్మా, నా సంచిలో నీలం ఫైలు చూశావా? పదిన్నరకు నేను కోర్టులో బెంచి మీద ఉండాలి."

"నాకేం తెలుసే! నీ కోర్టు కాగితాలు నేనెప్పుడు ముట్టుకున్నాను?"

ముట్టుకుంది. తెల్లవారగానే ఫైలు తీసి ఉతికిన దుప్పట్ల మడతల్లో దాచేసింది. లోపలేముందో చదవలేదు. చదవడమెందుకు, కూతురిది అచ్చం తండ్రి పోలికే కదా! ముప్పై ఏళ్ల క్రితం, పేదల బస్తీ పిల్లలను బడిలో వేరే గదిలో కూర్చోబెట్టడం తప్పు కాదని ఇద్దరు జడ్జీలు తేల్చేస్తే, మూడో జడ్జి అయిన ఆవిడ భర్త ఒక్కడే తప్పని రాశాడు. అంతే, నాలుగేళ్లలో మూడు బదిలీలు. తెలిసినవాళ్లంతా మొహం చాటేశారు. పై కోర్టుకు వెళ్లాల్సిన మనిషి ఆ దిగులుతోనే పోయాడు. ఇప్పుడు ఇంకో బడి మీద అదే కేసు వచ్చింది. తీర్పు చెప్పే ముగ్గురిలో ఒకతె తన కూతురు.

కూతురు దుప్పట్ల అలమర దగ్గరికి రాగానే పెద్దావిడ అడ్డం నిలబడింది.

"ఇవ్వను. ఏం చేస్తావో చేసుకో! ఆయనతో పడ్డది చాలు. నువ్వూ అలా ఒంటరిదానివైపోతే నేను తట్టుకోలేనే తల్లీ."

కూతురు తెల్లబోయింది. మెల్లగా మంచం అంచున కూర్చుంది.

"అందులో ఏముందో చూశావా అమ్మా? వేరే గది తప్పు కాదన్న మిగతా ఇద్దరు జడ్జీల మాటే నా మాట అని రాశాను. నీ కోసమే రాశాను. చిన్నప్పట్నుంచీ నీ ఏడుపు వింటూనే పెరిగాను కదా. ఇక సంతకం ఒక్కటే మిగిలింది."

పెద్దావిడ అలమర ముందు నుంచి పక్కకు జరిగింది. కోరుకున్నదే జరుగుతోంది. అయినా సంతోషం కలగలేదు.

"నిజం చెప్పు. వాళ్లు రాసింది న్యాయమేనంటావా?"

"కాదు."

పెద్దావిడ భోరుమంది.

"మీ నాన్న పోయాక ఒకావిడ వచ్చిందే. ఆ గదిలో కూర్చోబెట్టిన ఓ పిల్ల తల్లి. 'కేసు ఓడిపోయామమ్మా, కానీ మా పిల్ల ఎవరికీ తీసిపోదని ఒక జడ్జిగారు రాశారు. అది చదివించి వినిపించాకే పిల్ల మళ్లీ బడికెళ్లింది' అంది. కోపంలో ఉన్నాను, కూర్చోమని కూడా అనలేదు. నీకు మన కష్టాలే చెప్పాను గానీ ఈ సంగతి చెప్పలేదు."

కూతురు లేచింది. ఫోనందుకుని, ముగ్గురిలో పెద్ద జడ్జికి కలిపింది.

"సార్, నేను సంతకం పెట్టలేను. నా తీర్పు వేరుగా రాస్తాను. వారం గడువు కావాలి."

అవతలి గొంతు పెద్దదైంది. కూతురి మొహం పాలిపోయింది, మాట మాత్రం మార్చలేదు. పెద్దావిడ వచ్చి ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మళ్లీ బదిలీ చేస్తారేమోనే."

"చేస్తారేమో అమ్మా."

"చేస్తే చెయ్యనీ" అంది పెద్దావిడ కళ్లు తుడుచుకుంటూ. "ఈసారి సామాను సణక్కుండా సర్దుతాను."