తగరపువలస దారి చెప్పిన పెట్టె

అక్షరాలు నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. ఒత్తులు, దీర్ఘాలు తప్పి ఉంటే మన్నించండి. చెయ్యి కూడా నెమ్మదే. కథ మాత్రం తిన్నగా చెబుతాను.

పూర్ణా మార్కెట్ దగ్గర మేడమీద డిటెక్టివ్ గౌరీశ్వరి ఆఫీసు. దేవి అక్కడికి వచ్చేసరికి వాన పడుతోంది. చీర తడిసిపోయినా ఆమెకు ఆ ధ్యాస లేదు. సహాయకుడు మోహనకృష్ణ కుర్చీ వేశాడు. ఆమె కూర్చోలేదు.

"మా ఆయన దొరబాబు పోనాడు మేడమ్. ఇప్పుడు మా మరిది కూడా పోయేటట్టున్నాడు. ఆడినైనా కాపాడండి."

దొరబాబు జాలారిపేట మనిషి, మరబోటు మీద వేటకు వెళ్ళేవాడు. అతని మోటార్‌సైకిల్ హ్యాండిల్‌కు తమ్ముడు కోటి ఒక జీపీఎస్ బాక్సు బిగించాడు. సెల్‌ఫోన్ కాదు, దారి చూపడానికే చేసిన, నీళ్ళలో పడ్డా చెడని పెట్టె. ఆ బండి మీద తగరపువలస బయల్దేరిన దొరబాబు, హైవే పక్కన నీళ్ళు నిండిన పాత క్వారీ గొయ్యిలో శవమై తేలాడు. తల వెనక దెబ్బ రాయి తగిలి అయిందన్నారు. బాక్సు తప్పుదారి పట్టించిందన్నారు.

"మాకు పిల్లల్లేరు. పెద్దకర్మ కోటే సెయ్యాల. 'అన్నని సంపినోడి సేత్తో ముద్ద పెట్టిత్తానా' అంతంది మా అత్త. గుమ్మం ఎక్కనివ్వట్లేదు. ఆడు తిండి మానేసి సముద్రం కేసే సూత్తన్నాడు. నాకు బయమేత్తంది."

గౌరీశ్వరి లేచి గొడుగు తీసుకుంది.

పోలీసులు తిరిగిచ్చిన బండి దేవి ఇంటి వెనక ఉంది. కోటి దాని పక్కనే గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"మీ అన్నకి ఎక్కడికని దారి పెట్టావు?"

"చిట్టమ్మ ఇంటికండి. పోయినేడు ఆవిడి కొడుకు తెప్ప మీద ఏటకెల్లి మరి రానేదు. తరవాత ఆవిడ తగరపువలస ఎల్లిపోనాది. అన్నకి ఆ ఈదులు తెల్దు. ఎందుకెల్తన్నావంటే సెప్పనేదు."

దొరబాబు హెల్మెట్ క్వారీ గట్టు మీద దొరికిందట. దాని మీద ఒక గీత కూడా లేదు. గడ్డం కింద పట్టీ తెగలేదు, విప్పి ఉంది. గౌరీశ్వరి హెల్మెట్ పెట్టుకుంది. బండి కదలకుండానే దారంతా చెప్పించే పద్ధతి ఆ బాక్సులో ఉంది. కోటి అది నొక్కాడు. ఆమె కళ్ళు మూసుకుని కాసేపు విన్నది.

"ఏమంటోంది మేడమ్?" పక్కనే నిలబడ్డ మోహనకృష్ణ అడిగాడు.

"క్వారీ దగ్గర తిన్నగానే పొమ్మంటోంది. కానీ ఆ రోజు పొరపడిందేమో. దీన్నిబట్టి తేల్చలేం."

దొరబాబు పనిచేసిన బోటు నాగబాబుది. ప్రమాదం చూసింది అతనొక్కడే. ఫిషింగ్ హార్బర్‌లో వలలు సర్దుతూ మాట్లాడాడు.

"'తోడు రా బావా' అంతే నా బండి మీద ఎనకే ఎల్లాను. ఎక్కడికో నాకు తెల్దు. క్వారీ కాడ బాక్సు 'ఎడమకి తిరుగు' అన్నాది. నా సెవులారా ఇన్నాను. 'అటేపు రోడ్డు లేదెహె' అని అరిసాను. ఆడు దూసుకుపోనాడు."

"బాక్సు అంత గట్టిగా అరుస్తుందా?"

"నా బోటు మీద జీపీఎస్ అరిత్తే పక్క బోటుకి ఇనబడద్దమ్మా! తమరెప్పుడూ ఏటకి రానేదేటి?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. గౌరీశ్వరి నవ్వలేదు. అటునుంచి అటే చిట్టమ్మ ఇంటికి వెళ్ళింది.

పెద్దకర్మ ముందురోజు దేవి అత్త అసిరమ్మ ఇంటి ముందు అందరూ చేరారు. మామూలు బట్టల్లో ఎస్సై ఒక మూల నిలబడ్డాడు. కోటి గుమ్మం బయటే ఉండిపోయాడు. మోహనకృష్ణ బండిని మధ్యకు తెచ్చి బాక్సు నొక్కాడు.

"బాక్సు ఇప్పుడు మాట్లాడుతోంది. ఏమంటోంది నాగబాబూ?"

నాగబాబు ముందుకు వంగాడు. "సౌండు తగ్గించేసినారు."

"తగ్గించడానికి దీనికి స్పీకరే లేదు. బండి మీద గాలిలో వినబడదని మాటంతా హెల్మెట్‌లోకే పంపుతుంది." గౌరీశ్వరి హెల్మెట్‌ను అసిరమ్మ చెవికి ఆనించింది. ముసలామె ఊపిరి బిగబట్టింది.

"ఎవులో ఆడమనిషి... తిన్నగా పొమ్మంతంది."

"నీ కొడుక్కి తప్ప ఎవరికీ వినబడని మాట, వెనక బండి మీద ఇతనెలా విన్నాడమ్మా? వినలేదు. కల్పించాడు. దొరబాబు గట్టు మీద ఆగి, పట్టీ విప్పి, హెల్మెట్ తీశాడు. మనిషితో మాట్లాడటానికే తీశాడు. దెబ్బ అప్పుడు పడింది. తరవాత మనిషినీ బండినీ గొయ్యిలోకి తోశారు."

"ఎందుకు?" అంది దేవి.

"చిట్టమ్మ కొడుకు తెప్పని గుద్దింది ఇతని బోటు. తాగి నడిపాడు, ఆగకుండా వచ్చేశాడు. ఆ రోజు దొరబాబు బోటులోనే ఉన్నాడు. ఏడాది మోసి, ఇక మొయ్యలేకపోయాడు. 'నీ బిడ్డ ఎలా పోయాడో వచ్చి చెబుతాను, నాగబాబునీ తెస్తాను' అని చిట్టమ్మకి ఫోన్ చేశాడు. ఫోన్ మాట ఆవిడే చెప్పింది, గుద్దిన సంగతి బోటులో మిగతావాళ్ళు ఎస్సై దగ్గర ఒప్పుకున్నారు."

నాగబాబు తల వంచుకున్నాడు. "పోనోడు ఎలాగూ పోనాడు. ఈడు నోరు మూసుకుంతే ఏటి పోను?"

ఎస్సై అతని చెయ్యి పట్టుకున్నాడు. జీపు ఎక్కించి తీసుకెళ్ళాడు. మోహనకృష్ణ గౌరీశ్వరి వైపు మెచ్చుకోలుగా చూశాడు. ఆమె చూపు అసిరమ్మ మీదే ఉంది.

అసిరమ్మ గోడ పట్టుకుని లేచింది. గుమ్మం దాటి వెళ్ళి కోటి పక్కన మట్టిలో కూలబడింది.

"తెల్లారే లెగాల్రా," అంది. "నువ్వు కాపోతే మీ అన్నకి ముద్ద పెట్టేదెవుడు?"

కోటి తల్లి ఒడిలో తల పెట్టి అప్పుడు ఏడ్చాడు.

పోతమ్మ, అరవై నాలుగేళ్ళు. ఇప్పుడు ఉక్కునగరంలో మా అమ్మాయి క్వార్టర్లో ఉంటున్నాను.