మైకు నేర్చుకున్న కొత్త మాట

శనివారం ఒంటిపూట బడి. ఇంటికొచ్చినప్పటి నుంచీ మైకు కాలు ఒకచోట నిలవడం లేదు.

మైకు అన్నది నాన్న పెట్టిన ముద్దుపేరు. పదేళ్ళ ఈ పిల్ల నోటికి మూత ఉండదు మరి!

ఆ రోజు ఇంగ్లీషు టీచర్ ఒక తమాషా మాట చెప్పింది. "హైక్ అంటే కొండల్లో నడవడం. కానీ ఎవరినైనా 'టేక్ ఎ హైక్' అన్నామనుకోండి, నడిచి రమ్మని కాదర్రా! 'పోవోయ్, నన్ను విసిగించకు' అని కసురుకోవడం. అర్థం తెలుసుకోండి చాలు. ఎవరి మీదా వాడకండి."

ఆ చివరి మాట మాత్రం మైకు చెవికెక్కలేదు. ఆటోలో పక్కపిల్లాడిని "టేక్ ఎ హైక్" అంది. గుమ్మంలో పిల్లినీ అంది.

మధ్యాహ్నం బొమ్మ వేయడానికి కూర్చుంది. సోమవారం పోటీకి ఇవ్వాలి. గుర్రం కాలు ఎంతకీ కుదరడం లేదు. వేసింది, చెరిపింది, మళ్ళీ వేసింది. కాగితం చిరిగేలా ఉంది.

అప్పుడే ఆరేళ్ళ చెల్లి బుడ్డి వచ్చి భుజం మీద వాలింది.

"అక్కా, నేనూ రంగు వేస్తా. తోక ఒక్కటే."

"వద్దు."

"పోనీ, తోకలో సగం?"

"టేక్ ఎ హైక్!"

"అంటే?"

"ఎవరినైనా అడుక్కో, పో!"

బుడ్డి వెళ్ళిపోయింది.

గంట గడిచింది. ముందు గదిలో కుట్టుమిషన్ చప్పుడు ఆగింది. యూనిఫాంలు కుడుతున్న అమ్మ కేకేసింది. "బుడ్డి నీ దగ్గరుందా?"

మైకు మంచం కింద చూసింది. మేడ మీద చూసింది. బుడ్డి లేదు. బుడ్డి చెప్పులూ లేవు.

అమ్మ మెడలో టేపుతోనే ఒక పక్కకి పరుగెత్తింది. మైకు ఇంకో పక్కకి.

వీధి చివర షాపులో జిరాక్స్ మామయ్య ఉన్నాడు. "ఇందాక వచ్చిందమ్మా. హైక్ అంటే ఏంటని అడిగింది. కొండెక్కడం అన్నాను. ఏమైంది?"

మైకు అప్పటికే వెనక్కి తిరిగి పరుగందుకుంది.

వీధి వెనక గుట్ట ఉంది. పైన నీళ్ళ ట్యాంకు. మెట్లకి ఒక పక్క గోడ కూడా లేదు. అక్కడ కుక్కలు తిరుగుతాయి. మైకు రెండేసి మెట్లు ఎక్కింది. జారింది, లేచింది, మళ్ళీ ఎక్కింది.

సగం మెట్ల దగ్గర బుడ్డి కూర్చుని ఉంది. చేతిలో నీళ్ళ సీసా. మోకాలు గీరుకుపోయింది.

"ఇంత ఆలస్యమా అక్కా! నువ్వూ వస్తావని ఆగాను. నన్ను ఒక్కదాన్నే ఎందుకు పంపుతావ్? ఇద్దరం కొండెక్కుదామనే కదా అన్నావ్?"

మైకు చెల్లిని గట్టిగా వాటేసుకుంది. అవునని తలూపేస్తే సరిపోయేది. ఎవరికీ తెలియదు. కానీ ఊపబుద్ధి కాలేదు.

"దానర్థం అది కాదే. 'పో, విసిగించకు' అని."

బుడ్డి ముఖం చిన్నబోయింది. "నన్నా?"

"నిన్నే. తప్పు నాదే."

బుడ్డి దిగేటప్పుడు అక్కకి చెయ్యి కూడా ఇవ్వలేదు.

కింద అమ్మ రొప్పుతూ ఎదురొచ్చింది. "ఎవరు వెళ్ళమన్నారే నిన్ను?" అని బుడ్డి మీద చెయ్యెత్తింది.

మైకు అడ్డం వచ్చింది. "దాన్ని ఏమీ అనకమ్మా. నేనే పొమ్మన్నాను."

ఆ సాయంత్రం మైకుకి గట్టిగానే చివాట్లు పడ్డాయి. అవి పరవాలేదు. బుడ్డి పలకకపోవడమే ఒళ్ళంతా ముళ్ళలా ఉంది.

మర్నాడు మైకు లెక్కలు చేసుకుంటోంది. బుడ్డి గుమ్మం దగ్గరే ఆగింది. లోపలికి రాలేదు.

"ఇప్పుడు రావచ్చా? వద్దా?"

మైకు పెన్సిల్ కింద పెట్టింది. "ఇంకా రెండు లెక్కలున్నాయి. అవగానే నేనే వస్తా."

బుడ్డి నమ్మీ నమ్మనట్టు చూసి వెళ్ళింది.

రెండో లెక్క జవాబు తప్పో ఒప్పో మైకు చూసుకోలేదు. పుస్తకం మూసింది. గుమ్మం దాటుతూనే గొంతెత్తింది.

"బుడ్డీ! ఎక్కడున్నావే? వచ్చేశా!"