మడవ తెరిచిన సాయంత్రం

"ఇంకా అయిపోలేదామే?" అని కాలువ గట్టు మీదనుంచి అనూష అరిచింది.

వెంకటలక్ష్మి చంకలోంచి బిందె జారిపోతోంది. సగం నీళ్ళు గౌను మీదే ఒలికాయి. బడినుంచి వచ్చి బ్యాగు పడేసినప్పటినుంచి బావికీ కొత్తిమీర మడికీ మధ్య తిరుగుతూనే ఉంది. మడి మాత్రం ఇంకా సగం ఎండుగానే ఉంది.

తాత గోపాలప్ప ఉంటే ఈ తిప్పలు ఉండేవి కావు. పొద్దున్నే ఆయన వర్తూరులో బస్సెక్కి బళేపేటలో ఉన్న చెల్లెల్ని చూడడానికి వెళ్ళాడు. ఆమెకు ఒంట్లో బాగాలేదు.

"అమ్మణ్ణీ, ఈ పొద్దు మడికి నువ్వే తడి పెట్టల్ల. బావి నీళ్ళే పొయ్యి. రేపు సాయంత్రానికి వచ్చేస్తాను," అని చెప్పి మరీ వెళ్ళాడు.

అమ్మా నాన్నా గార్మెంట్స్ ఫ్యాక్టరీనుంచి వచ్చేసరికి చీకటి పడుతుంది. బావి మోటారు కాలిపోయి చాలా కాలమైంది. నీళ్ళు కూడా అడుగంటాయి. చేద వేసి తోడుకోవాల్సిందే. పదేళ్ళ పిల్లకు అదేమీ చిన్న పని కాదు.

"మీ తాతకు చాదస్తమే," అంటూ అనూష దగ్గరికి వచ్చింది. వాళ్ళది పక్క మడి. "మా సొప్పు చూడు, ఎంత ఎత్తు వచ్చిండాదో! మాకు బిందెలే అక్కర్లేదు. ఆ మడవ తీసేసి వదిలేయి. నీళ్ళు వాటికవే పారతాయి. రా, తొక్కుడుబిళ్ళ ఆడుకుందాం."

కాలువలోంచి మడిలోకి నీళ్ళు వదిలే దారిని మడవ అంటారు. అక్కడ అందరి మడవలూ తెరిచే ఉంటాయి. తాత మడవ ఒక్కటే బంకమట్టి గడ్డలతో బిగించి ఉంటుంది. దాని మీద గడ్డి కూడా మొలిచింది. వెంకటలక్ష్మికి ఊహ తెలిసినప్పటినుంచీ అది అలాగే ఉంది.

వెంకటలక్ష్మి కాలువలోకి చూసింది. నీళ్ళు నల్లగా ఉన్నాయి. వర్తూరు చెరువులోకి బెంగళూరు మురుగు మోరీలన్నీ వచ్చి కలుస్తాయి. స్నానాల నీళ్ళు, బట్టలుతికిన సబ్బు నీళ్ళు, చెప్పుకోకూడని నీళ్ళు కూడా. చెరువు నిండా అవే. కాలువ నిండా అవే. పైన తెల్లటి నురగ తేలుతోంది.

కానీ అనూష వాళ్ళ ఆకుకూర నిజంగానే మోకాలెత్తు ఉంది. తాత కొత్తిమీరేమో జానెడు కూడా లేదు. 'మడి నిండా నీళ్ళు పడితే మనదీ పెరుగుతుంది. దగ్గుతూ దగ్గుతూ తాత బిందెలు మొయ్యడం తప్పుతుంది,' అనుకుంది. ఆ మాట నిజమే. ఆడుకోవాలని కాళ్ళు లాగుతున్న మాట కూడా నిజమే.

ఇద్దరూ కలిసి మట్టిగడ్డలు పీకేశారు. నీళ్ళు గుడగుడమంటూ మడిలోకి దూకాయి. చూస్తుండగానే మడి నిండిపోయింది. చీకటి పడేదాకా ఆడుకుని, మడవకు మళ్ళీ మట్టి అడ్డం పెట్టి, వెంకటలక్ష్మి ఇంటికి పరుగెత్తింది.

మర్నాడు బడికి వెళ్ళేముందు మడి చూద్దామని వచ్చి, గట్టు మీదే ఆగిపోయింది.

నీళ్ళు ఇంకిపోయాయి. ఆకుల మీద నురగ ఎండి అట్టకట్టింది. మడి నిండా ఎర్రగా, పొడుగ్గా ఏవో పడి ఉన్నాయి. వంగి చూసింది. అన్నీ వానపాములే. తాత వాటిని ఎర్రలు అంటాడు. ఊపిరాడక మట్టిలోంచి పైకి వచ్చినట్టున్నాయి. పుల్లతో ఒకదాన్ని కదిపింది. అది కదల్లేదు. ఇంకొకదాన్ని కదిపింది. అదీ అంతే.

వెంకటలక్ష్మి పుల్ల పడేసి బడికి నడిచింది. ఆ రోజు బడిలో ఏం చెప్పారో ఆమె చెవికెక్కలేదు.

సాయంత్రం తాత వచ్చాడు. ఇంట్లోకి కూడా పోకుండా, చేతిలో సంచితోనే మడి దగ్గరికి నడిచాడు. ఎప్పుడొచ్చినా గుప్పెడు మట్టి తీసుకుని వాసన చూడడం ఆయన అలవాటు. ఆ రోజూ చూశాడు. చూసి, మట్టిని మెల్లగా కింద పోశాడు.

"మడవ ఎవురు తీసినారు?"

అనూష పేరు చెబుదామని నాలుక చివరిదాకా వచ్చింది. "నేనే తాతా," అంది వెంకటలక్ష్మి.

తాత తిడతాడనుకుంది. తిట్టినా బాగుండేది. ఆయన గట్టు మీద కూలబడ్డాడు.

"నువ్వు పుట్టిన ఏడే ఈ మడవ మూసినానమ్మణ్ణీ. అప్పటికే ఈ నీళ్ళు పారి పారి మన్ను చచ్చిపోయి ఉండె. ఒగ ఎర్ర కూడా లేదు. పేడ ఏస్తిని, కానగాకు ఏస్తిని. ఎవురెవురి దిబ్బల్లోంచో ఎర్రల్ని టెంకాయ చిప్పలో ఎత్తుకొని వచ్చి వదిలితిని. ఎన్నో ఏండ్లకు బతికింది ఈ మన్ను. నువ్వూ, ఇదీ ఒగటిగానే పెరిగినారు."

"అనూష వాళ్ళ సొప్పు బాగుండాది గదా తాతా?" అంది వెంకటలక్ష్మి ఏడుపు గొంతుతో.

"చూసేదానికి బాగుంటాది. నీళ్ళలో ఏముంటే అదే ఆకులోకి ఎక్కుతాది. అది తిన్నోళ్ళకు ఏమయితాదో ఎవురికి తెలుసు?"

తాత లేచి ఇంటికి వెళ్ళిపోయాడు.

అన్నాలు తినేటప్పుడు నాన్న ఎప్పటి మాటే ఎత్తాడు. "ఇంక చాలు నాయనా. ఇటుకలోళ్ళు మళ్ళా అడగతా ఉండారు. ఆ మన్ను వాళ్ళకు ఇచ్చేద్దాం."

ఇటుకలవాళ్ళకు మడి ఇస్తే మిగిలేది గొయ్యే. పై మట్టంతా తవ్వి బట్టీకి తోలుకుపోతారు. ఈ మాట వచ్చినప్పుడల్లా తాత, "మన్ను బాగుండేదాకా ఇచ్చేది లేదప్పా," అని తేల్చి చెప్పేవాడు. ఆ రాత్రి ఏమీ అనలేదు. కంచంలో చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. 'నా వల్లే,' అనుకుంది వెంకటలక్ష్మి.

తర్వాత రోజునుంచి తాత మడివైపు వెళ్ళలేదు. పంచలో మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవాడు. దగ్గు ఎక్కువైంది. ఇటుకలవాళ్ళను ఆదివారం రమ్మని నాన్న కబురు చేశాడు.

మడిలో కొత్తిమీర మాత్రం ఎన్నడూ లేనంత ఏపుగా పెరిగింది. ఆకు ముదురాకుపచ్చగా నిగనిగలాడుతోంది. దాన్ని చూస్తేనే వెంకటలక్ష్మికి భయం వేసేది.

శనివారం ఒంటిపూట బడి. బడి వదిలాక సరోజమ్మ మిస్ గుడ్డసంచి పట్టుకుని మడి దగ్గరికి వచ్చింది. వారం వారం రావడం ఆమెకు అలవాటు.

"అబ్బా, ఈసారి ఎంత బాగా వచ్చింది!" అంది మిస్. "రెండు కట్టలివ్వు లక్ష్మీ. మా అమ్మ మంచంలో ఉంది కదా, ఏం పెట్టినా తినడం లేదు. మీ తాత కొత్తిమీర వేసిన చారైతేనే రెండు ముద్దలు తింటుంది."

వెంకటలక్ష్మి చెయ్యి ఆకుల దాకా వెళ్ళి ఆగింది. ఇచ్చేస్తే ఎవరికీ తెలియదు. క్లాసులో అందరిముందూ 'మంచి పిల్ల' అని మెచ్చుకునే మిస్. ఆమెకు ఈ సంగతి ఎలా చెప్పడం?

"వద్దు మిస్," అంది నేల చూపులు చూస్తూ. "ఇది మంచిది కాదు."

"ఎందుకమ్మా? ఇంత పచ్చగా ఉంటే?"

"నేను మడవ తీసేశాను మిస్. చెరువు నీళ్ళు పెట్టేశాను. ఎర్రలన్నీ చచ్చిపోయాయి. మీ అమ్మగారికి పెట్టకండి."

మిస్ కాలువలో తేలిపోతున్న నురగవైపు చూసింది. ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుంది.

"సరేలే," అంది నీరసంగా. "అమ్మకు ఈ రోజుకి ఇంకేదైనా చూస్తాను."

ఆమె వెళ్ళిపోతుంటే వెంకటలక్ష్మికి ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే మడిలోకి దిగింది. కొత్తిమీరంతా వేళ్ళతో సహా పీకి గట్టు అవతల కుప్ప పోసింది. ఎండకు మెడ చురుక్కుమన్నా ఆగలేదు. మడంతా బోడిగా మిగిలింది.

తర్వాత ఇంటికి పరుగెత్తి టెంకాయ చిప్ప తెచ్చుకుంది. పెరట్లో పేడదిబ్బ అడుగున తవ్వితే తడి మట్టిలో ఎర్రలు కనిపించాయి. వాటిని చిప్పలోకి ఎత్తి, పైన తడి ఆకు కప్పి మోసుకొచ్చింది. ముందు బావి నీళ్ళతో మడిలో ఒక మూల తడిపింది. దిబ్బలోంచి తెచ్చిన ఎరువు పరిచింది. అప్పుడు ఎర్రల్ని వదిలింది. కొన్ని మెల్లగా మట్టిలోకి దూరాయి. కొన్ని దూరలేదు. మళ్ళీ చిప్ప పట్టుకుని దిబ్బ దగ్గరికి వెళ్ళింది.

ఆమె అలా తిరుగుతుంటే సాయంత్రమైంది. దగ్గు వినిపించి వెనక్కి తిరిగింది. తాత కర్ర ఊతంగా వచ్చి గట్టు మీద నిలబడి ఉన్నాడు.

బోడి మడిని చూశాడు. కుప్పపోసిన కొత్తిమీరను చూశాడు. మనవరాలి చేతిలో చిప్పను చాలాసేపు చూశాడు. కష్టం మీద వంగి గుప్పెడు మట్టి తీసుకుని వాసన చూశాడు.

"ఇంకా సబ్బు వాసనే ఉండాది," అన్నాడు.

"నాకు తెలుసు తాతా. నేనూ చూసినాను."

"ఈ ఎర్రలు బతికేది కూడా అనుమానమే."

"చచ్చిపోతే మళ్ళా తెస్తాను."

తాత ముఖంలో నవ్వు రాలేదు. మట్టి చెయ్యి పంచెకు తుడుచుకున్నాడు. "మీ నాయన వస్తూనే చెప్పు," అన్నాడు. "రేపు ఇటుకలోళ్ళు రావద్దంట అని."

అంతలో కాలువ పైనుంచి అనూష అరిచింది. "లక్ష్మీ! తూము వదిలినారు, నీళ్ళు వస్తా ఉండాయి! మడవ తీస్తావామే?"

వెంకటలక్ష్మి మడవ దగ్గరికి వెళ్ళింది. తను హడావిడిగా పెట్టిన మట్టి అప్పుడే కరిగి, సందులోంచి నల్లటి నీళ్ళు కారుతున్నాయి. బంకమట్టి గడ్డలు ఒక్కొక్కటీ తెచ్చి సందులో పెట్టి, కారడం ఆగేదాకా కాళ్ళతో తొక్కింది.

తర్వాత బిందె తీసుకుని బావివైపు నడిచింది.