బడి పక్క ఇల్లు

ఆ ఆదివారం పొద్దున ఆకాశం వాన కురిపిద్దామని వచ్చి, ఎందుకో మనసు మార్చుకున్నట్టు తెల్లబడింది. పెద్దాయన వరండాలో కూర్చుని ఎదురింటివాళ్ళు బట్టలు ఆరేస్తారా మానేస్తారా అని చూస్తున్నాడు. రిటైరైన పంతులుకి ఆదివారం ఒక పట్టాన గడవదు.

అల్లుడు టీ తెచ్చాడు. వైరింగు పని చేసే మనిషి. చెయ్యి ఎంత నెమ్మదో, నోరు అంత వదులు.

"మామయ్యా, మీ అమ్మాయి ఘనకార్యం విన్నారా? బడి పక్క క్వార్టర్సులో ఇల్లొస్తే వద్దని చెప్పొచ్చింది."

పెద్దాయన గ్లాసు కింద పెట్టేశాడు.

కూతురు పాఠాలు చెప్పేది డబ్బున్నవాళ్ళ పేటలో. అక్కడ అద్దెకుండాలంటే జీతమంతా ఇంటివాళ్ళ చేతిలో పొయ్యాల్సిందే. అందుకే చీకటుండగా మొదటి బస్సెక్కి, చీకటి పడ్డాక దిగుతుంది. పాప నిద్రలో ఉండగానే వెళ్ళి, నిద్రపోయాక వస్తుంది. ఇలాగైతే టీచర్లు నిలవరని జనం పన్నుల డబ్బుతో అక్కడ ఇళ్ళు కట్టారు.

"ఎందుకొద్దన్నావే?" అన్నాడు, గిన్నెలు తోముతున్న కూతురితో.

"ఇక్కడే బాగుంది నాన్నా."

"బాగుందా? మొన్న బస్సులో నిద్రపోయి డిపో దాకా పోయిందెవరు? ఉద్యోగం మానేస్తానని ఏడ్చిందెవరు, నేనా?"

"అబ్బా, వదిలెయ్ నాన్నా!"

ఆయన వదిలే రకం కాదు. ఆయన కాపురమంతా బడి వెనక రెండు గదుల్లోనే గడిచింది. సాయంత్రమైతే లెక్క రానివాడెవడో కిటికీ ఊచలు పట్టుకుని "సార్" అనేవాడు. ఆయన భార్య పొయ్యి దగ్గర్నుంచే "లెక్క తర్వాతరా, ముందు తిన్నావో లేదో చెప్పు" అనేది. ఈ కూతురు ఆ పిల్లల మధ్య కూర్చునే గోడమీద బొగ్గుతో అక్షరాలు దిద్దింది. ఆవిడ పోయినా ఆ గొంతు ఆయన చెవుల్లో ఉండిపోయింది.

"బడి పక్కనుంటేనే టీచరు. నువ్వేమో బెల్లు కొట్టగానే బస్సుకి పరిగెత్తే మనిషివి!"

ఆ మాట తగిలింది. గిన్నెలు తోముతున్నదల్లా లేచింది.

"ఎందుకొద్దన్నానో చెప్పనా? ఆ ఇంట్లో టీచరు, మొగుడు, పిల్లలు. అంతే. తల్లిదండ్రులు ఉండకూడదు. పాత క్వార్టర్సు షరతే దీనికీ పెట్టారు. అది పెట్టించిందెవరు? టీచర్ల సంఘం తరఫున బల్ల గుద్ది వాదించింది నువ్వు కాదూ?"

అవును, తనే. రిటైరైనవాళ్ళు పిల్లల పేరు చెప్పి గదులు పట్టుకు వేలాడుతుంటే, కొత్త టీచర్లకి చోటుండేది కాదు. అందుకే పట్టుబట్టాడు. తను రిటైరైన మర్నాడే తాళం అప్పగించి, ఆ గర్వంతోనే ఇన్నాళ్ళూ బతికాడు. తన షరతు తిరిగి తిరిగి తన పిల్లకే అడ్డం పడుతుందని అనుకోలేదు.

"మార్చమని అడుగుదామా మామయ్యా? మీ మాట వింటారు."

"వద్దు. షరతు సరైందే." కూతురి వైపు తిరిగాడు. "నువ్వెళ్ళు తల్లీ."

"నిన్నొదిలేసా?"

"రాత్రి ఉండొద్దన్నామే గానీ పగలు రావద్దనలేదుగా! ఇన్నాళ్ళూ నువ్వెక్కిన బస్సు ఇక నేనెక్కుతా. పాపని చూసుకుని, లెక్క రానివాడెవడైనా వస్తే చెప్పి, చివరి బస్సుకి తిరిగొస్తా. ముసలాణ్ణి, సీటు కూడా ఇస్తారు."

"అయితే మీ టీకి ఫ్లాస్కు కొనాలి," అన్నాడు అల్లుడు.

కూతురు నవ్వబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. "వద్దని నోటితోనే చెప్పా నాన్నా. వద్దన్న కాగితమ్మీద సంతకం పెట్టలేదు."

"పెట్టకు."

మధ్యాహ్నం అందరూ ఒకేసారి కంచాల ముందు కూర్చున్నారు. కూతురు వడ్డిస్తూ తండ్రి కంచంలో ఇంకో గరిటె వేసింది. ఆయన చాలనలేదు. చిన్న ముద్ద చేసి పాప నోట్లో పెట్టాడు. అన్నం అయిపోయేదాకా ఎవరూ లేవలేదు.