పుట్టింటి కర్రలు

పొద్దున్నే టీతో పాటు ఉడకేద్దామని అవినో చేలోకి వెళ్ళి ఒక కర్రపెండలం మొక్కను పీకింది. మొక్క ఆమెకంటే ఎత్తుగా, ఏపుగా ఉంది. ఆకు కదిలేసరికి అడుగు నుంచి తెల్లదోమ పిండిలా లేచింది. దుంప బరువుగానే ఊడి వచ్చింది. పెరట్లో కూర్చుని కోసేసరికి, తెల్లగా ఉండాల్సిన లోపలంతా గోధుమరంగు మరకలు. వేలితో నొక్కితే ఎండిన బెండులా తగిలింది. ఇంకోటి కోసింది. అదీ అంతే.

"ఏం సామియా పిల్లా, దుంప కోస్తన్నావా, దానికి దణ్ణం పెడతన్నావా?" అని గుమ్మంలోంచి అత్త అపొండి అడిగింది. మా లువో తెగ ఇళ్ళలో కోడలికి పుట్టిన ఊరే పేరు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆవిడ నోట అవినో తన అసలు పేరు వినలేదు.

"కోస్తున్నానత్తమ్మా," అంటూ అవినో ఆ ముక్కల్ని పొయ్యిలోకి తోసేసింది.

"బేగి కానీ. ఎండెక్కకముందే జనం దిగుతారు. పోయినసారి నువ్వు కాచిన టీ తాగి ఊగో ముసలాయన, మీ ఇంట్లో పంచదారకి తాళం వేశారా అన్నాడు. ఇయ్యాళ నా పరువు తియ్యకు," అంది అపొండి. ఆవిడ తెల్లవారకముందే స్నానం చేసి, చర్చికి కట్టుకునే గౌను తొడుక్కుంది.

ఎందుకు తొడుక్కోదు? ఊళ్ళోని కర్రపెండలం రైతుల సంఘానికి ఆవిడే ప్రెసిడెంటు. పాత రకం దుంపలు నేలలోనే కుళ్ళిపోయి జనం సంకటికి మొహం వాచిపోతుంటే, వ్యవసాయ శాఖ వాళ్ళ చుట్టూ తిరిగి తెగులు లేని విత్తనపు కర్రలు తెచ్చింది. వాటిని తన చేలోనే నాటించింది. ఆ చేలో బయటి కర్ర ఒక్కటి కూడా దిగకూడదన్నది షరతు. ఏడాది పెంచి, కాండాలు నరికి, చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ నాటుకోను పంచాలి. దుంపలు తరవాత తవ్వుకోవచ్చులే అని, నిన్న సగం చేనుకి పైన కాండాలు మాత్రం నరికారు. కట్టలన్నీ మామిడి చెట్టు కింద పేర్చి ఉన్నాయి.

బయటి కర్ర ఆ చేలో దిగింది. దింపింది అవినో. నిరుడు అమ్మ చనిపోతే సామియా వెళ్ళి, వస్తూ వస్తూ అమ్మ చేలోంచి ఆరు కర్రలు పైబట్టలో చుట్టుకుని తెచ్చుకుంది. అమ్మవంటూ ఆమెకు మిగిలినవి అవే. ఇంటి పెద్దావిడ తొలి కర్ర నాటేదాకా కోడలు నేల ముట్టకూడదు, ముడితే కడుపు నిలవదంటారు. అత్త వాన కోసం ఆగింది. కర్రలేమో ఎండిపోతున్నాయి. ఎవరూ చూడకుండా చేను చివర, చీమల పుట్ట పక్కన నాటేసింది. ఆ నెల్లోనే ఆమెకు కడుపు పోయింది. ఇప్పుడు మళ్ళీ ఆరో నెల.

అవినో పుట్ట దగ్గరికి పరుగెత్తి అమ్మ మొక్కల్లో ఒకదాని మొదలు తవ్వి చూసింది. ఉత్త కుళ్ళు. పక్క సాలు తవ్వింది. తెల్లదోమ మోసుకుపోయిందేమో, అక్కడా మొదలైంది. వెళ్ళి, సైకిల్‌కి గాలి కొడుతున్న మొగుడు ఒడెరోకి అంతా చెప్పేసింది.

ఒడెరో పంపు కింద పెట్టి అటూ ఇటూ చూశాడు. "ఎవరన్నా చూశారా?"

"లేదు."

"అయితే నువ్వూ చూళ్ళేదు. మా అమ్మ కంటే ముందు నాటావని తెలిస్తే పోయిన బిడ్డ కూడా నీ నెత్తినే పడద్ది. దీన్ని పంపించెయ్యండని పెద్దలు కూర్చుంటే నేనేం మాట్లాడను? నీ కడుపులో ఉన్నదాని మొహం చూసన్నా నోరు మూసుకో."

"ఆ కట్టలు ఊళ్ళన్నిటికీ పోతాయి కదా."

"పోనీ. పైకి పచ్చగానే ఉంటది. దుంప తీసేసరికి ఏడాది. అప్పటికి ఎవరి కర్ర ఏదో ఎవడు పోల్చుకుంటాడు?"

పచ్చగానే ఉంటది అన్న మాట అవినో చెవిలో ఉండిపోయింది. అమ్మ ఫోన్లో ఎప్పుడూ అదే అనేది. "చేను పచ్చగా ఉందే, నాకేం లోటు? నువ్వు వేళకి తిను." పాతిపెట్టే ముందు స్నానం చేయించిన ఆడవాళ్ళు, ఇంత తేలిగ్గా ఉందేంటి మనిషి అని గుసగుసలాడుకున్నారు. జబ్బు అలా చేసిందనుకుంది అవినో. ఏ జబ్బు? ఆ పచ్చని చేను కింద తినడానికి ఒక్క దుంప లేదు. పెళ్ళి చేసి పంపిన కూతురి ముందు చెయ్యి చాపలేక, ఆ మనిషి ఆకలిని కడుపులో దాచుకుని చచ్చిపోయింది. అవినో పొయ్యి దగ్గర కూలబడి పైబట్ట నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఎండ ఎక్కింది. జనం సైకిళ్ళ మీద, గాడిదలతో వచ్చారు. ప్రార్థన అయ్యాక అపొండి మొదటి కట్ట ఎత్తి ఊగో ముసలాయన చేతుల్లో పెట్టబోయింది. "ఇదుగో ఊగో, ఇక నా ఇంటి టీకి వంకలు పెట్టడం మానెయ్," అంటే అందరూ నవ్వారు.

"ఇవ్వకండత్తమ్మా," అంది అవినో. టీ పళ్ళెం అరుగు మీద పెట్టేసింది. "వాటికి తెగులుంది. తెచ్చింది నేనే."

ఒడెరో తల పట్టుకున్నాడు. అవినో ఆగలేదు. కర్రలు, పుట్ట, మొక్కలు నాటిన రోజు, పోయిన కడుపు, అన్నీ జనం ముందే చెప్పేసింది. అపొండి కట్ట కింద పెట్టింది. కత్తి తీసుకుని చేలోకి నడిచింది. మొదటి సాల్లో దుంప తీసి కోస్తే తెల్లగా ఉంది. ముందుకెళ్ళి కోస్తే అక్కడక్కడా మచ్చలు. పుట్ట దగ్గరికి వెళ్ళేకొద్దీ కోసిందల్లా కుళ్ళే. తిరిగొచ్చేసరికి ఆవిడ చర్చి గౌను మోకాళ్ళ దాకా మట్టి కొట్టుకుపోయింది.

"తెగులొక్కటేనా? పెద్దదాని కంటే ముందు నేల ముట్టింది," అన్నాడు ఊగో. "దీన్ని ఇంట్లో ఉంచితే ఆ కడుపులోదీ దక్కదు, రేపు నీ కొడుకూ దక్కడు. పంపించెయ్ అపొండీ."

"కర్రల సంగతి సంఘానిది. నన్ను దింపెయ్యండి, దిగుతాను," అంది అపొండి. "నా కోడలి సంగతి నాది. అది నోరు మూసుకునుంటే వచ్చే ఏడు మీ పిల్లలంతా ఏం తినేవాళ్ళు? వెళ్ళండి. ఒక్క పుల్ల కూడా ఈ దొడ్డి దాటడానికి వీల్లేదు."

జనం ఖాళీ చేతులతో, ఖాళీ గాడిదలతో వెళ్ళిపోయారు. ఊగో తాగని టీ గ్లాసు అరుగు మీదే ఉండిపోయింది. తెల్లగా ఉన్న సాళ్ళు కూడా నమ్మడానికి లేదు. సాయంత్రానికి ఒడెరో చేనంతా నరికి, కట్టలతో కలిపి కుప్ప వేశాడు. నిప్పు మాత్రం అపొండే పెట్టింది. పచ్చి కర్ర కావడంతో మంట కంటే పొగే ఎక్కువ వచ్చింది. వచ్చే వానల దాకా ఇంట్లో తిండి ఏమిటన్నది ఎవరూ ఎత్తలేదు.

పుట్ట పక్కన ఆరు మొక్కలు అలాగే నిలబడి ఉన్నాయి. "అవి నీవి. నువ్వే వెయ్యాలి," అంది అపొండి. అవినో ఒక్కొక్కటే పీకి తెచ్చి మంటలో వేసింది. చివరి దాని దగ్గర చేతులు రాలేదు. దాన్ని గుండెకు అదుముకుని, అమ్మ ఎలా పోయిందో అప్పుడు చెప్పింది.

"నాతో ఒక్క మాట అంటే గోనెడు పంపేదాన్ని కదే," అంది అపొండి.

"ఎవరితోనూ అనలేదత్తమ్మా. చేను పచ్చగా ఉందంది."

కడుపులో బిడ్డ మధ్యాహ్నం నుంచీ కదల్లేదు. అవినో ఆ మాట కూడా దాచుకుందామనుకుంది. కానీ దాచలేదు. చెప్పేసింది. అపొండి తన మట్టి చెయ్యి కోడలి పొట్ట మీద పెట్టి, కళ్ళు మూసుకుని చాలాసేపు కూర్చుంది. ఎక్కడో లోపల చిన్నగా తన్నినట్టయింది.

"ఆ కర్ర ఇలా ఇవ్వు, అవినో," అంది.

అవినో తలెత్తి అత్త మొహంలోకి చూసింది. ఇద్దరూ ఆ ఆఖరి కర్రను చెరో కొస పట్టుకుని మంటలో పెట్టారు.