మారువేషంలో మాత్ర

"పాపారావు చావకూడదు!" చీఫ్ బల్ల గుద్దాడు.

1944. మన ఓడల జాడ శత్రుదేశానికి చేరవేసే ముఠా తన ట్రాన్స్‌మిటర్ కోనసీమలో ఎక్కడ దాచిందో కళ్ళారా చూసినవాడు ఏజెంట్ పాపారావు ఒక్కడే. తుపాకీ గుండు తగిలి, పుండు చీముపట్టి, అంబాజీపేటలో పిన్ని సత్తెమ్మ ఇంట్లో ఒళ్ళు తెలియని జ్వరంతో పడున్నాడు. ఎల్లుండి కాకినాడ నుంచి మన ఓడ బయల్దేరుతుంది. ఈలోగా అతను నోరు విప్పకపోతే ఓడ గోవిందా!

"సల్ఫా మాత్రలు ఇస్తున్నాం. జ్వరం దిగడం లేదు. ఎందుకో తేల్చు."

"సల్ఫా ఏం చేస్తుంది సార్?" అడిగాడు ఏజెంట్ గౌరీశంకరం.

"నీ పనే. మారువేషం! క్రిములు పెరగాలంటే పాబా అనే పదార్థం కావాలి. సల్ఫా అచ్చం దానిలా ఉంటుంది. క్రిమి మోసపోయి దీన్ని పట్టుకుంటుంది, ఇక పెరగలేదు. కానీ అసలు పాబా దండిగా దొరికితే వేషం పారదు. ప్రొకెయిన్ మత్తుమందు ఒంట్లో విరిగితే పాబాయే అవుతుంది. అది వాడొద్దని మన నర్సుకి చెప్పే పంపాం."

మర్నాడు పొద్దున్నే గౌరీశంకరం కొబ్బరి బేరగాడి వేషంలో సత్తెమ్మ అరుగెక్కాడు.

"బొండాలు లేతవేనాండీ?" కోడ్ వాక్యం.

"ఆయ్, నీళ్ళు తియ్యగుంటాయండి. లోపలికి రండి బాబూ."

లోపల నర్సు కామాక్షి. పట్టుచీర, సెంటు గుబాళింపు. ఏజెంటుగారు ఒక్క క్షణం వచ్చిన పనే మరిచిపోయాడు, సిగ్గులేకపోతే సరి! ఆమె పుండు పక్కన సూది గుచ్చబోతోంది.

"ఏమిటది?"

"కట్టు మార్చేటప్పుడు నొప్పి తెలియకుండానండీ. రోజూ ఇస్తున్నాను."

బల్ల మీద సీసా చూశాడు. ప్రొకెయిన్! వద్దన్న మందే! గౌరీశంకరం ఆమె చెయ్యి ఒడిసిపట్టాడు. ఆమె రెండో చేతిలో ఫౌంటెన్ పెన్ను మెరిసింది. పెన్ను కాదు, పిస్తోలు!

ఠప్! సత్తెమ్మ విసిరిన కొబ్బరికాయ కామాక్షి మణికట్టుకి తగిలి, గుండు పైకప్పులోకి పోయింది.

"మా అబ్బాయిని చంపుతావంటే, నీ దుంపతెగ!"

శత్రువుకి అమ్ముడుపోయిన కామాక్షిని కట్టేశారు. ఇంజెక్షన్ ఆగింది. సల్ఫా వేషం పారింది. ఆ మర్నాటికి జ్వరం తగ్గి పాపారావు కళ్ళు తెరిచాడు. "రాజోలు... నూనె మిల్లు అటక" అన్నాడు. ఓడ లంగరెత్తే లోపే ముఠాతో సహా ట్రాన్స్‌మిటర్ పట్టుబడింది.

గౌరీశంకరం హమ్మయ్య అనుకున్నాడు. "మిగిలిన మాత్రలేవండీ పిన్నిగారూ?"

"జ్వరం తగ్గింది కదా బాబూ! ఎదురింటి బంగారమ్మగారికి దగ్గంటే ఇచ్చేనండి. ఇంట్లో పెట్టుకుని లేవంటే ఏం మర్యాదండీ?"

"కొంప ముంచేరు! సగంలో ఆపితే మెతక క్రిములే చస్తాయండీ. మొండివి మిగిలి సంతానాన్ని పెంచుతాయి. వాటి దగ్గర ఈ వేషం పారదు. మళ్ళీ జ్వరమొస్తే మీ అబ్బాయికి మందే ఉండదు!"

చెప్తూనే వీధి దాటి పరిగెత్తాడు. బంగారమ్మ నోటిదాకా వెళ్ళిన మాత్రని లాక్కున్నాడు.

చీఫ్‌కి టెలిగ్రాం వెళ్ళింది: "ముఠా అరెస్టయింది. పిన్నిగారి మర్యాద మాత్రం ఇంకా అదుపులోకి రాలేదు."